గాయకుని స్వాతంత్ర్యం – తిండిగింజల చరిత్ర

"స్వతంత్ర సంగీతకారుడు" అనే మాట ఇటీవల మన పట్టణాల్లో బాగా ప్రచారంలోకి వచ్చింది. సినిమా నిర్మాతకు గాని రికార్డు కంపెనీకి గాని లోబడకుండా, తన పాట తానే కట్టుకొని, తానే రికార్డు చేసుకొని, తానే జనం ముందు పెట్టేవాడని దాని అర్థం. హైదరాబాదు వాయవ్యాన, మెట్రో రైలు ఆఖరి స్టేషను అయిన మియాపూర్‌లో ఇటువంటి యువకులు కనబడతారు. మాదాపూర్ కంటె అక్కడ అద్దెలు తక్కువ. 2017 నవంబరులో రైలు వచ్చాక నగరంలోకి రాకపోకలూ సుళువైనాయి. పగలు సైబరాబాదు కంపెనీల్లో ఉద్యోగం, రాత్రి అద్దెగది గోడలకు దుప్పట్లు వేలాడగట్టి రికార్డింగు. శనివారం సాయంత్రం గిటారు సంచీ భుజాన వేసుకొని రైలెక్కుతారు. వాళ్ళలో ఇద్దరు ముగ్గురు ఒకప్పుడు నా తరగతిలో కూర్చున్నవాళ్ళే. కలిసినప్పుడల్లా అడిగే ప్రశ్న ఒకటే: "మాస్టారూ, పాటను అమ్ముకోకుండా పాట మీద బతకటం సాధ్యమా?"

నీతిబోధ చేసి తప్పుకోవటం సులభం. "నిజమైన కళాకారుడు ఆకలికి జంకడు" అని సభల్లో చెప్పేవారు మనలో లేకపోలేదు. సాధారణంగా వారికి నెలజీతం వుంటుంది. ఈ ప్రశ్నకు సమాధానం గాయకుని గుండెలో వెతకటం పొరపాటు. ఏ కాలంలోనూ గాయకుడు గాలి భోంచేసి పాడలేదు. ఎవరి గింజలు తిన్నాడు, ఆ గింజలు పెట్టినవాడు ఏం పాడమన్నాడు, ఏం పాడవద్దన్నాడు – ఈ మూడూ తెలిస్తేనే అతని నిజాయితీ బరువు తెలుస్తుంది.

మనవాళ్ళు స్వాతంత్ర్యానికి మొదట చూపే ఉదాహరణ త్యాగరాజు (1767–1847). తంజావూరు సర్ఫోజీ కొలువును ఆయన కాదన్నాడని సంప్రదాయం చెబుతుంది. కొలువు కాదన్నవాడు ఏం తిన్నాడు? తిరువయ్యారు వీధుల్లో ఉంఛవృత్తి చేశాడు. పాడుకుంటూ పోతే గృహస్థులు పోసిన బియ్యమే ఆయనకు జీవనం. రాజు కొలువుకంటె వీధి మేలు, సందేహం లేదు. వీధి ఆయన్ను "నన్ను పొగుడు" అని అడగలేదు. ఆయన తన రాముణ్ణి తాను పొగిడాడు. అయితే ఆ బియ్యం ఎక్కడిది? కావేరీ డెల్టాలో మిరాసీదార్ల పొలాలను దున్నింది దాదాపు బానిసల్లా బతికిన అంటరాని కులాల పాలేళ్ళు. ఆ వీధి అరుగు ఎక్కే హక్కు కూడా వాళ్ళకు లేదు. నేను త్యాగరాజును తగ్గించటానికి ఈ మాట అనటం లేదు. ఒక వ్యక్తి నిరాకరణ వెనక ఒక వీధి పోషణ వున్నదనీ, ఆ వీధి వెనక ఒక పొలం వున్నదనీ గుర్తుచేయటానికే.

పశ్చిమాన బీథోవెన్ పేరు చెబుతారు. రాజులకు తలవంచని మొదటి స్వతంత్ర సంగీతకర్త అని ఆయన ఖ్యాతి. 1809లో వియన్నా విడిచిపోకుండా వుంటే ఏటా 4,000 ఫ్లోరిన్లు ఇస్తామని ముగ్గురు ప్రభువులు ఆయనకు రాసిచ్చారు. 1811లో ఆస్ట్రియా ప్రభుత్వం కరెన్సీ విలువ తగ్గించేసరికి ఆ మొత్తం చిక్కిపోయింది. దాతల్లో ఒకడు గుర్రం మీదనుంచి పడి చనిపోయాడు, ఇంకొకడు దివాలా తీశాడు. వరసగా కచేరీలు, ప్రచురణకర్తలతో బేరాలు, కోర్టులు. తలవంచకపోవటం నిజమే. దాని ఖర్చుకు లెక్కాపత్రం వుండటమూ అంతే నిజం.

మన తెలుగునేలకు వద్దాం. ఇక్కడ పాట మీద బతికినవారిలో అధికసంఖ్యాకులు అగ్రహారంలో పుట్టలేదు. వాళ్ళు ఆశ్రిత కులాలవాళ్ళు. మాదిగలకు చిందువారు, డక్కలివారు. గొల్ల కురుమలకు ఒగ్గువారు – ఇలా ఒక్కొక్క కులానికి కథ చెప్పే కులం ఒకటి వున్నది. ఫలానా ఊళ్ళు ఫలానా కుటుంబానికి మిరాశీ. పంటకాలంలో ఆ ఊరికి వెళ్ళి పాడి, ఆడి, తమకు రావలసిన గింజలు తెచ్చుకొనే హక్కు వాళ్ళది. దీన్ని బిచ్చమని చిన్నచూపు చూసినవారు పైకులాలవారు. పాడేవాడి దృష్టిలో అది వాటా, నిలబడి అడిగి తీసుకొనేది. పైగా పోషించే కులమే అణగారిన కులం కావటంవల్ల, పురాణాల్లో లేని గౌరవం ఆ పాటల్లో జాంబవునికి దొరికింది. దోపిడీ చేసేవాళ్ళను దోచిన పండుగ సాయన్న కథ పాలమూరు ప్రాంతంలో కిన్నెరమీద బతికింది ఈ విధంగానే. ఇది సువర్ణయుగమని నేననను. పుట్టుకతో వృత్తి, పుట్టుకతో పేదరికం, ఊరికి వెలి. అయితే పాటకూ గింజకూ మధ్య దళారి లేడు. ఈ సంగతి మనకు మళ్ళీ అవసరమవుతుంది.

ఇక నాజర్.

షేక్ నాజర్ 1920లో గుంటూరు జిల్లా పొన్నెకల్లులో దూదేకుల కుటుంబంలో పుట్టాడు. పొట్టకోసం దర్జీ పని చేశాడు. సంగీతం నేర్చుకోవటానికి గురువులను వెతుక్కుంటూ తిరిగాడు. ఆ రోజుల్లో ఆ కులంవాడికి, అందులోనూ పేదవాడికి, హార్మోనియం ముందు కూర్చోవటమే ఒక పోరాటం. అటువంటివాడు బుర్రకథకు పితామహుడనిపించుకోవటం వెనక ప్రతిభతోపాటు ఒక సంస్థ వున్నది. 1943లో ఏర్పడిన ప్రజానాట్యమండలి, డాక్టర్ గరికపాటి రాజారావు నాయకత్వంలో, పల్లెకళలను వెతికి పట్టుకొని కొత్త వస్తువుతో జనంలోకి తెచ్చింది. జంగంకథ బుర్రకథ అయింది. కథకుని చేతిలో తంబురా, వేలికి అందెలు, పక్కన ఇద్దరు వంతలు. ఒకడు హాస్యం, ఇంకొకడు రాజకీయం. నాజర్‌కు రామకోటి, పురుషోత్తం వంతలు. ఈ రాజకీయ వంత అనేవాడు ఎంత తెలివైన ఏర్పాటో చూడండి. కథ పల్నాటి యుద్ధమే కావచ్చు, బొబ్బిలే కావచ్చు. నడుమ అతడు ఆపి ఒక ప్రశ్న వేస్తాడు, దానితో ఆ వూరి కరువూ, అప్పూ, కరణమూ కథలోకి వచ్చి కూర్చుంటాయి. కథకుడు కథ తప్పడు, ప్రేక్షకుడు వర్తమానం తప్పిపోడు. బెంగాలు కరువు బుర్రకథ కావటానికి అడ్డంకి లేకపోయింది.

ఆ దళాలు ఏం తిన్నాయి? ఊళ్ళో రైతుసంఘం, కూలిసంఘం వండిపెట్టింది తిన్నాయి. బండి కట్టి పక్క ఊరికి పంపేవారూ వాళ్ళే. అంటే మిరాశీ ఊళ్ళ స్థానంలో ఉద్యమం ఊళ్ళు వచ్చాయి. తేడా ఒక్కటే: ఇక్కడ కులం అడగలేదు. దూదేకుల నాజర్ కమ్మవారి ఊరి నడిబొడ్డున నిలబడి పాడాడు. నా దృష్టిలో ఆ అయిదారేళ్ళు తెలుగు గాయకుడు అనుభవించిన అత్యధిక స్వాతంత్ర్యం. "నేను ఎవరికీ లోబడను" అన్న స్వాతంత్ర్యం కాదది. ఎవరికి లోబడాలో తానే ఎంచుకొన్న స్వాతంత్ర్యం. పార్టీ కూడా ఒక పోషకుడే. ఏం పాడాలో అదీ చెప్పింది. కొన్ని సందర్భాల్లో పేలవమైన నినాదాలను పాటలని పంచిపెట్టింది కూడా. దీన్ని దాచి చరిత్ర రాస్తే ఉపయోగం లేదు.

ఆ పోషణ 1948 తర్వాత తెగిపోయింది. నిర్బంధం వచ్చింది. సుంకర, వాసిరెడ్డి రాసిన "మా భూమి" నాటకం నిషిద్ధమైంది. కళాకారులు జైళ్ళకు, అజ్ఞాతానికి చెదిరిపోయారు. నిర్బంధం సడలేసరికి వండిపెట్టే ఊళ్ళు మునుపటిలా లేవు. మిక్కిలినేని, అల్లు రామలింగయ్య వంటివారు మద్రాసు వెళ్ళి సినిమాల్లో స్థిరపడ్డారు. రాజారావు తానే "పుట్టిల్లు" (1953) తీశాడు. జమునను తెరకు పరిచయం చేసిన ఆ చిత్రం డబ్బు తేలేదు. ఆయన 1963లో చనిపోయాడు. మన పత్రికల్లో కొందరు చాలాకాలం దీన్ని "సినిమా వ్యామోహం" అని రాశారు. వ్యామోహం కొందరికి వుండివుండవచ్చు. కాని ఉద్యమం తన గాయకులకు పాట ఇచ్చింది, ముసలితనానికి ఏర్పాటు ఇవ్వలేదు. రిక్తహస్తాలతో నిలబడ్డవాణ్ణి ద్రోహి అనటానికి మనకు హక్కు ఎక్కడిది? నాజర్ మటుకు తంబురా దించలేదు. ఊరూరా తిరిగి కథ చెప్పుకుంటూ బతికాడు. 1986లో పద్మశ్రీ వచ్చింది, 1997లో చనిపోయాడు. ఆయన చెప్పగా అంగడాల వెంకటరమణమూర్తి రాసిన ఆత్మకథ పేరు "పింజారి". బిరుదు పెట్టుకోలేదు, కులం పేరుతో తనను తిట్టినవాళ్ళ మాటనే అట్టమీద అచ్చు వేయించాడు.

తరువాతి తరం ఈ పాఠాన్ని తనకు తెలియకుండానే నేర్చుకొన్నది. అన్నానికి ఒక చోటు, పాటకు ఇంకొక చోటు. శ్రీకాకుళంలో జముకుల కథను ఆయుధం చేసిన సుబ్బారావు పాణిగ్రాహి బొడ్డపాడు గుడిలో అర్చకుడు. 1969 డిసెంబరులో పోలీసు కాల్పుల్లో చనిపోయాడు. గద్దర్‌గా ప్రసిద్ధుడైన గుమ్మడి విఠల్‌రావు 1970లలో కెనరా బ్యాంకులో గుమాస్తా. గోరటి వెంకన్న సహకార శాఖలో ఉద్యోగం చేశాడు. బ్యాంకు గుమాస్తా జీతం గద్దర్ పాటను ఏమీ అడగలేదు, సాయంత్రాలను వదిలిపెట్టింది. అది చాలు. జననాట్యమండలి పెరిగి, ఉద్యోగమూ పాటా ఒకే ఒంట్లో ఇమడలేని రోజు వచ్చినపుడు ఆయన ఉద్యోగం వదులుకొన్నాడు. మళ్ళీ గ్రామాలే వండిపెట్టాయి. 1990 ఫిబ్రవరిలో అజ్ఞాతం వీడి వచ్చినపుడు నిజాం కళాశాల మైదానం పట్టలేనంత జనం. 1997 ఏప్రిల్ 6న ఇంటిదగ్గరే ఆయన మీద కాల్పులు జరిగాయి, ఒక తూటా వెన్నులో చివరిదాకా వుండిపోయింది.

సినిమాను ఆయన అంటరానిదిగా చూడలేదు. గౌతం ఘోష్ "మా భూమి"లో బండి యాదగిరి పాట పాడింది ఆయనే. "ఒరేయ్ రిక్షా" (1995)లో పాటకు ప్రభుత్వం నంది బహుమతి ప్రకటిస్తే పుచ్చుకోలేదు. పాట ఇవ్వవచ్చు, చేయి చాచనక్కరలేదు అన్నది ఆయన గీసుకొన్న గీత. చివరి దశలో ఆ గీత అటూ యిటూ జరిగిందని అభ్యంతరం చెప్పేవారున్నారు, నాకూ కొన్ని అభ్యంతరాలున్నాయి. 2023 ఆగస్టు 6న చనిపోయారు, ప్రభుత్వ లాంఛనాలతో అంత్యక్రియలు జరిగాయి. 2025 జూన్‌లో రాష్ట్ర ప్రభుత్వం సినిమా బహుమతులకు గద్దర్ పేరు పెట్టి, మియాపూర్‌కు కూతవేటు దూరంలోని హైటెక్స్‌లో పంచిపెట్టింది. ప్రభుత్వ సినిమా బహుమతిని నిరాకరించినవాని పేరే ప్రభుత్వ సినిమా బహుమతికి! దీనికి వ్యాఖ్యానం రాయబోయి మానుకొన్నాను.

ప్రభుత్వమే పోషకుడైతే ఏమవుతుంది? 2002 నుంచి ధూంధాం సభల్లో తెలంగాణ కోసం పాడిన గొంతులు రాష్ట్రాన్ని సాధించటంలో ఎంత పని చేశాయో అందరికీ తెలుసు. రాష్ట్రం వచ్చాక సాంస్కృతిక సారథి అనే సంస్థ పెట్టి 550 మంది కళాకారులకు ఉద్యోగాలిచ్చారు. గాయకునికి నెలజీతం ఇవ్వటం మంచిపని. నాజర్‌కు ఇది దొరికివుంటే ఎంత బాగుండేది. కాని వాళ్ళ పని ప్రభుత్వ పథకాలను ఊరూరా పాడి చెప్పటం. చెరువు పూడిక తీసిన పాట పాడవచ్చు, చెరువు కింద భూమి పోయినవాడి పాట పాడకూడదు. రాజకీయ వంత పోయి, కథకుడూ హాస్యమూ మిగిలారు. ఎన్నికలు వస్తే నగరంలోని చిన్న స్టూడియోలకు చేతినిండా పని. ఒకే బాణీ కట్టే చేతులు వారం తేడాతో రెండు జెండాలకు పాట కట్టటం చూశాను. ఆ డబ్బుతో ఇంటి అద్దె కట్టుకొన్నవాణ్ణి నేను తప్పుపట్టలేను. అతనికి ఆ అవసరం తెచ్చిపెట్టిన ఏర్పాటునే తప్పుపడతాను.

ఇప్పుడు మియాపూర్ గదిలోని నా విద్యార్థి దగ్గరకు వస్తాను. అతను చేస్తున్నది గద్దర్ చేసినదే: పగటి జీతంతో రాత్రి పాటను పోషించుకోవటం. అయితే బ్యాంకు సాయంత్రం అయిదింటికి మూసేవారు. సాఫ్ట్‌వేరు కంపెనీ పని అమెరికా గడియారంతో నడుస్తుంది. కంపెనీ అతని పాటను అడగదు, అతని నిద్రను అడుగుతుంది. రెండో చోటు హోటళ్ళు, పబ్బులు. అక్కడ గంటల లెక్కన డబ్బిస్తారు, అయితే సొంతపాట ఒకటి పాడితే చాలు, మిగిలినవన్నీ సినిమా పాటలే కావాలి. మూడో చోటు ఫోను తెర. ఇదే అతనికి అసలు స్వాతంత్ర్యంగా కనబడుతున్నది. దాని లెక్క కొంచెం విప్పి చూడటం అవసరం.

నెలచందా కట్టి పాటలు వినిపించే స్పాటిఫై వంటి సంస్థల్లో, శ్రోత కట్టిన డబ్బు అతను విన్న గాయకునికి నేరుగా చేరదు. అందరి చందాలూ ప్రకటనల రాబడీ ఒక కుప్ప పోస్తారు. సంస్థ వాటా తీసి, మిగిలినదాన్ని మొత్తం వినికిడిలో ఎవరి పాటకు ఎంత భాగముందో ఆ నిష్పత్తిన పంచుతారు. ఒక రైతు నెల పొడుగునా మన కుర్రవాని పాటలు మాత్రమే విన్నా, అతని చందాలో పెద్దభాగం కోట్లసార్లు వినబడ్డ సినిమా పాటల హక్కుదారులకే పోతుంది. 2024 నుంచి స్పాటిఫైలో ఏడాదిలో 1,000 సార్లు వినబడని పాటకు పైసా లేదు. యూట్యూబు ప్రకటనల్లో వాటా కావాలంటే మొదట 1,000 మంది చందాదారులు, ఏడాదిలో 4,000 గంటల వీక్షణం పోగుచేసుకోవాలి. పూర్వం మిరాశీలో గింజకూ పాటకూ మధ్య దళారి లేడన్నాను. ఇక్కడ దళారి వున్నాడు, ముఖం లేదు. పాట మొదటి పదిహేను క్షణాల్లో పట్టేయకపోతే శ్రోత వేలితో తోసేస్తాడని తెలిసి, కుర్రవాడు ఆలాపన కోసేశాడు. కోయమని ఎవరూ చెప్పలేదు. జమీందారు చెబితే ఎదురుతిరిగే అవకాశమైనా వుండేది.

పాత మిరాశీ పూర్తిగా పోయినవాని గతి ఏమిటో కిన్నెర మొగిలయ్య జీవితం చూపుతున్నది. పన్నెండు మెట్ల కిన్నెర వాయించే ఈయన డక్కలి కులస్థుడు. 2021లో "భీమ్లా నాయక్" సినిమా పాట మొదట్లో ఆయన గొంతు రాష్ట్రమంతా వినబడింది. 2022లో పద్మశ్రీ వచ్చింది. అప్పటి ప్రభుత్వం కోటి రూపాయలు, ఇంటిస్థలం ప్రకటించింది. 2024 మే నెలలో ఆయన హైదరాబాదు శివార్లలో ఇళ్ళ నిర్మాణం దగ్గర కూలిపని చేస్తున్న దృశ్యాలు పత్రికల్లో వచ్చాయి. నెలనెలా వచ్చే పదివేల గౌరవవేతనం ఆగిపోయిందని ఆయన చెప్పారు. శాలువా మడత నలగకముందే తాపీ పట్టుకోవలసి వచ్చింది.

ఈ దోషంలో మనకు వాటా లేదా? అభ్యుదయవాదుల సభలు చాలా చూశాను. ముగ్గురు వక్తలకు రైలు ఛార్జీలు, బస, భోజనం. సభ ప్రారంభానికి పాడటానికి వచ్చిన డప్పుదళానికి "మనవాళ్ళే కదా" అనే మాట. హాలు అద్దె బేరం లేకుండా కడతాం, మైకువాడికి కడతాం, పాటకు మాత్రం కట్టం. పాట సరుకు కాకూడదని మనం నమ్ముతాం, నిజమే. పాట సరుకు కాకూడదంటే పాడేవాడి కడుపు నింపే బాధ్యత ఎవరో ఒకరు తీసుకోవాలి. 1945లో ఆ బాధ్యత రైతుసంఘం తీసుకొన్నది. ఇవాళ మన ఉపాధ్యాయ సంఘాలు, విద్యార్థి సంఘాలు సభ ఖర్చుల పద్దులో పాటకు ఒక వరస రాసుకోలేవా?

చట్టం సంగతి కూడా ఒకటి చెప్పాలి, ఎందుకంటే కుర్రవాళ్ళకు ఇది తెలియదు, తెలిసిన పెద్దలు చెప్పరు. 1977లో సుప్రీంకోర్టు, సినిమాకోసం చేయించిన పాటకు నిర్మాతే హక్కుదారు అని తీర్పు చెప్పింది. ముప్పయి అయిదేళ్ళపాటు కవులూ సంగీతకర్తలూ ఒకసారి ఇచ్చిన డబ్బుతో సరిపెట్టుకొన్నారు. 2012 సవరణ దీన్ని కొంత మార్చింది. సినిమాలోనో రికార్డులోనో చేరిన పాట రాసినవాడికీ బాణీ కట్టినవాడికీ రాయల్టీలో సమభాగం పొందే హక్కు వున్నది. దాన్ని వారసులకో, రాయల్టీ వసూలుచేసే కళాకారుల సొసైటీకో తప్ప మరొకరికి రాసిచ్చినా ఆ రాత చెల్లదు. పాడినవాడికి ప్రదర్శకుని హక్కు వేరే వున్నది. హక్కు రాసిచ్చే కాగితంలో గడువు రాయకపోతే అది అయిదేళ్ళని, ప్రదేశం రాయకపోతే భారతదేశమని అర్థం. ఈ హక్కులను వసూలు చేసుకోవటం ఒంటరివాని వల్ల కాదు. కాగితంమీది హక్కుకు సంఘం కావాలి. మద్రాసులో, తరువాత హైదరాబాదులో సినిమా వాద్యకారులు సంఘం పెట్టుకొనే తమ కూలిరేట్లు నిలబెట్టుకొన్నారు. మియాపూర్ గదుల్లో ఎవరి తలుపు వారు మూసుకొని పాడుకొంటున్నారు. దుప్పట్లు శబ్దం బయటికి పోకుండా ఆపుతాయి, పక్కగది గాయకుణ్ణి కూడా వినబడనీయవు.

పోయిన నెల ఆ విద్యార్థి ఒక కాగితాల కట్ట పట్టుకొని వచ్చాడు. అతని పాట ఒకటి కాస్త పేరు తెచ్చుకొన్నది, ఒక కంపెనీవారు కొంటామన్నారు. పధ్నాలుగు పేజీల ఇంగ్లీషు ఒప్పందం. ఇద్దరం కూర్చొని చదివాం. సర్వహక్కులు, శాశ్వతంగా, "విశ్వమంతటా" అని వున్నది. మనవాడు నవ్వి, "చంద్రుడి మీద కూడా పాడకూడదా మాస్టారూ?" అన్నాడు. "శాశ్వతంగా" అన్నచోట గీత కొట్టి అయిదేళ్ళు అని రాశాడు. విశ్వం కొట్టేసి దేశం రాశాడు. చివరి పేజీలో, తన పాటను ఏ పార్టీ ప్రచారానికీ తనను అడగకుండా వాడకూడదని తెలుగులో ఒక వాక్యం చేర్చాడు. తర్వాత పక్కవీధిలో వుండే మరో ముగ్గురు పాటగాళ్ళకు ఫోను చేసి, వాళ్ళకు వచ్చిన ఒప్పందాలు కూడా తెమ్మన్నాడు. ఆదివారం వాళ్ళ గదిలో కూర్చోవాలని అనుకొన్నారు. కంపెనీనుంచి ఇంకా జవాబు రాలేదు.